పట్నంలో ఆఫీసు, నల్లగొండలో ఇల్లు: ఏ రోజు ఎక్కడ కూర్చొని పని చేయాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

కంపెనీ హైదరాబాద్‌లో ఉంది, ఇల్లు నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఉంది, వారంలో కొన్ని రోజులే ఆఫీసుకు రమ్మంటున్నారు. ఇలా ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. మిర్యాలగూడ, దేవరకొండ, సూర్యాపేట, జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల వాళ్లకూ ఇవే లెక్కలు, కిలోమీటర్లు మార్చుకుంటే సరిపోతుంది.

పట్నంలోనే కాపురం ఉన్నవాళ్లు పొద్దున లేచి, ఇయ్యాల ఆఫీసుకు పోవాల్నా వద్దా అని అప్పటికప్పుడు తేల్చుకోవచ్చు. వంద కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. మనం వారం మొత్తాన్ని, కుదిరితే నెల మొత్తాన్ని ముందే పరుచుకొని చూసుకోవాలి.

వారానికి రెండు రోజులు ఆఫీసు అన్నారు. ఆ రెండు రోజులు ఏవి పెట్టుకోవాలి?

ముందు హెచ్‌ఆర్‌ను ఒక్క మాట అడగండి: లెక్క వారానికి రెండా, నెలకు ఎనిమిదా? ఈ రెండూ ఒకటి కావు. నల్లగొండ నుంచి మాదాపూర్‌కు ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ దాకా ఒకవైపు మూడున్నర గంటలు అనుకుందాం. రానుపోను ఏడు గంటలు.

ఎనిమిది రోజులూ పొద్దున పోయి రాత్రికి వస్తే నెలకు 56 గంటలు రోడ్డు మీదే పోతాయి. రెండేసి రోజులు కలిపి, మధ్యలో ఒక రాత్రి అక్కడే ఉంటే నాలుగు రాకపోకలు, 28 గంటలు. నెల లెక్క ఒప్పుకొనే కంపెనీ అయితే నాలుగేసి రోజులు రెండు విడతలుగా పోవచ్చు. అప్పుడు రెండే రాకపోకలు, 14 గంటలు. మొదటి పద్ధతికీ మూడో పద్ధతికీ తేడా 42 గంటలు, అంటే ఎనిమిది గంటల పనిదినాలు ఐదింటికి పైనే.

కలిపి పెట్టుకునేటప్పుడు మంగళ-బుధ గానీ బుధ-గురు గానీ మంచివి. సోమవారం పొద్దున బస్సుల్లో సెలవులకు ఊరొచ్చి తిరిగి పోయేవాళ్లు నిలబడడానికి కూడా చోటు లేకుండా ఉంటారు. శుక్రవారం సాయంత్రం ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్ దాటేసరికే ఓపిక అయిపోతుంది. అయితే మీ టీం మొత్తం ఏ రోజు వస్తుందో ముందు కనుక్కోండి. అందరూ గురువారం వస్తుంటే మీరు మంగళవారం పోయి ఖాళీ కుర్చీల మధ్య హెడ్‌ఫోన్ పెట్టుకొని మీటింగులో మాట్లాడటానికి వంద కిలోమీటర్లు పోనవసరం లేదు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ పట్నానికి వంద కిలోమీటర్లే కదా, ప్రయాణంలో తేడా ఏముంది?

చాలా ఉంది. ఐటీ ఆఫీసుల్లో ఎక్కువ భాగం పట్నానికి పడమర దిక్కున, మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు ఉన్నాయి. మహబూబ్‌నగర్ వాళ్లు జడ్చర్ల దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, షాద్‌నగర్ మీదుగా శంషాబాద్ చేరి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుంటే ఊళ్లోకి అడుగు పెట్టకుండానే గచ్చిబౌలిలో దిగుతారు. నల్లగొండ వాళ్లు నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు రహదారి ఎక్కి, చిట్యాల, పంతంగి టోల్‌గేటు, చౌటుప్పల్ దాటి ఎల్బీనగర్ చేరేసరికి పట్నానికి తూర్పు అంచున ఉంటారు. ఆఫీసు ఇంకో అంచున ఉంటుంది.

ఎల్బీనగర్ నుంచి రెండు దారులు. మెట్రో ఎరుపు లైను ఎక్కి అమీర్‌పేటలో దిగి, నీలం లైను మారి హైటెక్ సిటీ గానీ రాయదుర్గం గానీ చేరడం ఒకటి. కారుంటే పెద్ద అంబర్‌పేట దగ్గరే ఔటర్ ఎక్కి చుట్టు తిరిగి నానక్‌రాంగూడ వైపు దిగడం రెండోది. రెండో దారిలో కిలోమీటర్లు పెరుగుతాయి, టోలు పెరుగుతుంది, కానీ సమయం ఇంత అని ముందే చెప్పగలం. ఎల్బీనగర్ నుంచి బస్సులోనో క్యాబులోనో ఊరి నడుమ నుంచి పోతే సమయానికి హామీ లేదు.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. మీ కంపెనీకి పట్నంలో రెండు మూడు చోట్ల ఆఫీసులుంటే, మీ ఊరి దిక్కున ఉన్నదాంట్లో కుర్చీ అడగండి. నల్లగొండ వాళ్లకు ఉప్పల్, పోచారం వైపు ఆఫీసులు దగ్గర. దేవరకొండ వాళ్లు మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా సాగర్ రోడ్డులో వస్తారు కాబట్టి ఆదిబట్ల దగ్గర. కల్వకుర్తి, ఆమనగల్లు వాళ్లు శ్రీశైలం రోడ్డులో వచ్చి తుక్కుగూడ దగ్గర ఔటర్ ఎక్కుతారు, వాళ్లకూ ఆదిబట్ల అనుకూలమే. వారానికి రెండు రోజులే వచ్చే మనిషికి కుర్చీ ఏ బిల్డింగులో ఉన్నా మేనేజరుకు పెద్దగా పట్టింపు ఉండదు. అడిగితే ఇస్తారు.

రైలు నయమా, బస్సు నయమా?

బస్సు తప్పిపోతే కాసేపటికి ఇంకోటి వస్తుంది. రైలు తప్పితే ఆ పూట పోయినట్టే. కానీ రైల్లో ల్యాప్‌టాప్ తెరిచి గంట పని చేసుకోవచ్చు, నడుము పట్టదు.

మహబూబ్‌నగర్ వాళ్లకు రైలు బాగా కలిసొచ్చింది. సికింద్రాబాద్-మహబూబ్‌నగర్ రెండో లైను, విద్యుదీకరణ పూర్తయి 2023 ఏప్రిల్‌లో ప్రారంభమయ్యాయి. ఎదురు బండి కోసం చిన్న స్టేషన్లలో ఆగే బాధ తగ్గింది. నల్లగొండ బీబీనగర్-నడికుడి లైను మీద ఉంది. ఈ దారిలో వచ్చేవాళ్లు టికెట్ మీద చివరి స్టేషన్ చూసుకోండి. చర్లపల్లి కొత్త టెర్మినల్ 2025 జనవరిలో మొదలైన తర్వాత కొన్ని బండ్లు సికింద్రాబాద్ పోకుండా అక్కడే ఆగుతున్నాయి. చర్లపల్లిలో దిగి మాదాపూర్ చేరడానికి అదనంగా గంటన్నర చేతిలో పెట్టుకోవాలి.

సీజన్ టికెట్ తీసుకునే ముందు అది రిజర్వేషన్ బోగీలో చెల్లదని, సూపర్‌ఫాస్ట్ బండికి అదనపు రుసుం ఉంటుందని గుర్తుంచుకోండి. నెలకు నాలుగు రాకపోకలే అయితే సీజన్ టికెట్ గిట్టుతుందా, విడి టికెట్లు చవకా అని ముందు లెక్క చూసుకోండి.

మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఛార్జీ లేదు. ఆధార్ దగ్గర ఉండాలి. డీలక్స్, సూపర్ లగ్జరీలకు ఇది వర్తించదు. ల్యాప్‌టాప్ బ్యాగుతో నిలబడి రావడం కష్టం కాబట్టి పోయేటప్పుడు టికెట్ కొని సూపర్ లగ్జరీలో పోయి, వచ్చేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌లో రావడం మంచి పద్ధతి.

సంక్రాంతికి ముందు మూడు రోజులు, తర్వాత రెండు రోజులు నల్లగొండ వైపు వాళ్లు ఆఫీసు రోజు పెట్టుకోవద్దు. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన బండ్లు కదలవు. ఆ వారం ఇంటి నుంచే చేస్తానని డిసెంబర్‌లోనే మెయిల్ పెట్టేయండి.

మధ్యలో ఒక రాత్రి ఎక్కడ ఉండాలి?

మూడు మార్గాలు. రోజు లెక్కన ఇచ్చే హాస్టల్, చుట్టాల ఇల్లు, నలుగురు కలిసి తీసుకున్న గది. హాస్టళ్లు నెలవారీ మనుషులకే ముందు మంచం ఇస్తాయి, వారం మధ్యలో రోజు లెక్కన అడిగితే ఖాళీ ఉంటేనే. అందుకని ఒకే హాస్టల్‌కు ప్రతి వారం అవే రెండు రోజులు పోతే యజమాని మంచం పక్కన పెడతాడు. గది పంచుకునేటట్టయితే మీలాగే వారానికి ఒకటి రెండు రాత్రులు ఉండే నలుగురు, వేర్వేరు రోజులు ఎంచుకొని ఒక సింగిల్ రూం కిరాయి పంచుకోవచ్చు. దుప్పటి, దిండు, ఛార్జర్ ఒక జత అక్కడే వదిలేయండి. బ్యాగు బరువు తగ్గితేనే మనిషి ఈ పద్ధతిని ఏడాది పొడవునా పట్టుకొని ఉంటాడు.

చుట్టాల ఇల్లు నెలకోసారి బాగుంటుంది. ప్రతి మంగళవారం అయితే వాళ్లకూ మీకూ ఇబ్బందే.

ఏ పని ఇంట్లో, ఏ పని ఆఫీసులో చేయాలి?

పని పేరు చూసి చెప్పలేం. ఆ పని మధ్యలో ఎన్నిసార్లు ఇంకొకరిని అడగాల్సి వస్తుందో చూడాలి. కోడ్ రాయడం, టెస్ట్ కేసులు, రిపోర్టులు, బిల్లుల పరిశీలన, డాక్యుమెంటేషన్ వంటివి రెండు గంటలు ఎవరితో మాట్లాడకుండా సాగితేనే బాగా వస్తాయి. అవి ఇంట్లో. కొత్త ప్రాజెక్టు మొదలు, ఎస్టిమేషన్, రెండు టీంల మధ్య గొడవ, అప్రైజల్ మాట, కొత్తగా చేరిన వాళ్లకు నేర్పడం, తప్పు ఎవరిదో తేలని బగ్, ఇవి ఆఫీసులో. మీటింగులో నలభై నిమిషాలు తిరిగిన మాట బోర్డు దగ్గర పదిహేను నిమిషాల్లో తెగుతుంది.

అందుకే ఆఫీసు రోజుల్లో వీలైనన్ని మాటలు పెట్టుకోండి. పోయే ముందు రోజు సాయంత్రం ఒక కాగితం మీద రాసుకోండి: ఎవరిని కలవాలి, ఏం తేల్చుకోవాలి. అక్కడ కూర్చొని ఇంట్లో చేసే పనే చేసి వస్తే ఆ ప్రయాణం దండగ.

బ్యాంకు, ఇన్సూరెన్స్ క్లయింట్ల పని కొన్నిచోట్ల ఓడీసీ గది (ఆ క్లయింట్ పనికే కేటాయించిన గది) లోపలే చేయాలని ఒప్పందం ఉంటుంది. అప్పుడు మన ఇష్టం లేదు. ప్రాజెక్టులో చేరే ముందే అడగాల్సిన ప్రశ్న అది.

ఇంట్లో నెట్ ఎంత స్పీడు ఉండాలి? వంద ఎంబీపీఎస్ తీసుకున్నా మాట తెగిపోతోంది, ఎందుకు?

మంచి నాణ్యత ఉన్న వీడియో మీటింగుకు పైకీ కిందకీ మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా ఉంటే చాలు. వంద ఉన్నా తెగుతోందంటే దోషం సాధారణంగా ఇంటి లోపలే ఉంటుంది.

మన వైపు పాత ఇళ్లకు రాతిగోడలు, అడుగున్నర మందం. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ గోడను దాటలేదు. 2.4 దాటుతుంది కానీ స్పీడు పడిపోతుంది. రూటర్ ముందు గదిలో టీవీ పక్కన పెట్టి, మీరు వెనక గదిలో తలుపేసుకొని కూర్చుంటే జరిగేది ఇదే. పదిహేను మీటర్ల క్యాట్ 6 కేబుల్ కొని, గోడ వెంట బిగించి, నేరుగా ల్యాప్‌టాప్‌కు పెట్టండి. రెండో రూటర్, మెష్ (ఇల్లంతా వైఫై పంచే రూటర్ల జట్టు) అంటూ వేలు ఖర్చు పెట్టే ముందు ఈ కేబుల్ ప్రయత్నించండి. చాలా ఇళ్లలో దీంతోనే బాధ తీరుతుంది.

ఎలా పరీక్షించాలి? పొద్దున పదింటికి, సాయంత్రం ఏడింటికి, రాత్రి తొమ్మిదింటికి మూడు రోజుల పాటు స్పీడ్ టెస్ట్ చేసి అప్‌లోడ్ (పైకి పోయే స్పీడు), పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) రాసి పెట్టండి. సాయంత్రం మాత్రమే పడిపోతుంటే లైను మీద జనం ఎక్కువయ్యారు, ఆపరేటర్‌తో మాట్లాడాలి. అన్ని వేళలా పింగ్ ఊగుతుంటే వైఫై దోషం. నెట్ బాగుండి వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌కు కలిపే భద్రమైన దారి) పెట్టాకే నెమ్మదిస్తే కంపెనీ ఐటీ వాళ్లకు చెప్పాలి, అది మీ చేతిలో లేదు.

ఫైబర్ డబ్బా మీద ఎర్ర లైటు మెరుస్తోంది. ఎంతసేపట్లో బాగవుతుంది?

ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు మెరుస్తుంటే, తీగలో నెట్‌ను మోసుకొచ్చే వెలుతురు మీ ఇంటిదాకా రావడం లేదు. తీగ తెగింది, లేదా బాగా వంగింది. రీస్టార్ట్ చేస్తే ఏమీ కాదు. ఆపరేటర్ మనిషి వచ్చి తెగిన చోటు వెతికి అతికించాలి. పగలైతే కొన్ని గంటలు, సాయంత్రం దాటితే తెల్లారేదాకా.

మన ఊళ్లలో తీగ తెగే కారణాలు తెలిసినవే. మిద్దెల మీద కోతులు పట్టుకొని ఊగుతాయి, కొరుకుతాయి. వినాయక నిమజ్జనం రోజున విగ్రహానికి అడ్డమొచ్చిన తీగలను కట్టెతో పైకి లేపుతారు. కరెంటోళ్లు కొమ్మలు కొట్టినప్పుడు వాటితో పాటు ఇదీ తెగుతుంది. తొట్టి దించకుండా పోయే టిప్పర్లు లాక్కుపోతాయి. కొత్తగా కనెక్షన్ ఇచ్చేటప్పుడే మిద్దె మీద అడ్డంగా లాగవద్దని చెప్పండి. పిట్టగోడ కింద నుంచి పీవీసీ పైపులో దించమనండి. మూలల దగ్గర బిగుతుగా మడవకుండా గుండ్రంగా తిప్పించండి, లోపల ఉన్నది గాజు తీగ.

రెండో దారిగా మొబైల్ హాట్‌స్పాట్ ఉండాలి, అదీ వేరే కంపెనీ సిమ్‌తో. ఇంటి ఫైబరూ ఫోనూ ఒకే కంపెనీవైతే పెద్ద లైను తెగిన రోజు రెండూ ఒకేసారి పోవచ్చు. వీడియో మీటింగ్ గంటకు ఒక జీబీకి పైగా తాగుతుంది. రోజుకు జీబీన్నర ప్యాక్ అయితే మధ్యాహ్నం కాకముందే ఖాళీ. హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు కెమెరా ఆపి, మాట ఒక్కటే ఉంచండి.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉంది, అయినా మీటింగు మధ్యలో తెగుతోంది.

కారణాలు రెండు. మొదటిది, రూటర్ పెట్టిన సాకెట్‌కు ఇన్వర్టర్ లైను ఉండదు. ఇల్లు కట్టినప్పుడు ఫ్యాన్లకూ లైట్లకూ మాత్రమే లైను లాగి, టీవీ దగ్గరి సాకెట్‌ను వదిలేస్తారు. ఎలక్ట్రీషియన్‌తో ఆ ఒక్క సాకెట్‌ను కలిపించండి. రెండోది, కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటులో రూటర్ ఆరిపోయి మళ్లీ లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ అని మీట ఉంటే అటు తిప్పండి, మార్పు వేగంగా జరుగుతుంది. అప్పటికీ ఆరిపోతుంటే రూటర్‌కు విడిగా 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టండి. కొనే ముందు రూటర్ అడాప్టర్ మీద 1 ఆంపియరా 2 ఆంపియర్లా అన్నది చదవండి. 2 ఆంపియర్ల రూటర్‌కు చిన్నది కొంటే పది నిమిషాలకోసారి తిరిగి మొదలవుతుంది.

ఎన్ని గంటలు వస్తుందో ఇలా లెక్కకట్టండి. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్లు) బ్యాటరీ, 12 వోల్టులు: గుణిస్తే 1,800 వాట్ అవర్లు. అందులో ఎనభై శాతమే వాడాలి, మార్పిడిలో ఇంకొంత పోతుంది. చేతికి వచ్చేది సుమారు 1,150. ల్యాప్‌టాప్ 60 వాట్లు, మానిటర్ 25, రూటర్ 12, ఎల్‌ఈడీ బల్బు 10, మామూలు సీలింగ్ ఫ్యాన్ 75. మొత్తం 182. కొత్త బ్యాటరీ మీద ఆరు గంటల పైచిలుకు. ఆ ఫ్యాన్ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే 137 వాట్లే, ఎనిమిది గంటలు దాటుతుంది. అంటే ఇంకో బ్యాటరీ కొనడం కన్నా ఫ్యాన్ మార్చడం మేలు. మూడు నాలుగేళ్ల బ్యాటరీ అయితే ఇందులో సగం కూడా రాకపోవచ్చు. డిస్టిల్డ్ వాటర్ రెండు నెలలకోసారి చూడండి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం మామూలే. ముఖ్యమైన ప్రెజెంటేషన్ ఆ నెలల్లో సాయంత్రం నాలుగు తర్వాత ఒప్పుకోవద్దు. దక్షిణ డిస్కం (మన కరెంటు సరఫరా సంస్థ) ఫిర్యాదు నంబరు 1912. ఫోన్ చేసేటప్పుడు బిల్లు మీది సర్వీసు నంబరు దగ్గర పెట్టుకోండి.

ఎండాకాలంలో మిద్దె మీది గదిలో కూర్చోలేకపోతున్నాం. ఏం చేయాలి?

నల్లగొండలో మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. స్లాబు పొద్దంతా వేడిని తాగి, సాయంత్రం నుంచి లోపలికి వదులుతుంది. అందుకే పై గది పదకొండింటి దాకా బాగానే ఉండి, మూడింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా పొయ్యిలా ఉంటుంది. బయట చల్లబడ్డాక కూడా లోపల ఉక్కపోయడానికి కారణం అదే. ఖర్చు లేని ఉపాయం జాగ మార్చడం. పొద్దున పైన, మధ్యాహ్నం నుంచి కింద ఉత్తరం దిక్కు గదిలో. షాబాద్ బండలు పరిచిన పాత ఇల్లయితే కింద గది ఎంతో నయం.

కూలర్ పెట్టినప్పుడు ఎదురుగా కిటికీ తెరిచి ఉంచాలి, లేకపోతే తేమ నిండి ఇంకా ఉక్కపోస్తుంది. జూన్‌లో వానలు పడ్డాక కూలర్ పెద్దగా పని చేయదు. దాని మోత మీటింగులో అవతలి వాళ్లకు వినపడుతుంది కాబట్టి నోటి దగ్గర మైకున్న హెడ్‌సెట్ వాడండి. ల్యాప్‌టాప్ సొంత మైకు గది మోతనంతా పట్టేస్తుంది. ఏసీ పెట్టేటట్టయితే స్లాబు కింది గదికి, గది చిన్నదైనా, ఒక టన్ను చాలకపోవచ్చు.

మిద్దెకు తెల్ల పూత వేయించండి. సున్నమైనా సరే, కూల్ రూఫ్ పెయింట్ అయినా సరే, ఫిబ్రవరి చివరికల్లా. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. వేసే ముందు దుమ్ము కడిగి, పగుళ్లు పూడ్చాలి. దుమ్ము మీద వేసిన పూత మొదటి వానకే లేస్తుంది.

కంపెనీ మూడు నెలల సగటు చూసేటట్టయితే మేలో ఆఫీసు రోజులు పెంచి జూన్, జూలైల్లో తగ్గించుకోండి. మా దృష్టిలో ఇది అన్నిటికన్నా తెలివైన ఎంపిక. వేడికి మీ బుర్ర కూడా ల్యాప్‌టాప్‌లాగే నెమ్మదిస్తుంది.

కుర్చీ, బల్ల మీద ఎంత ఖర్చు పెట్టాలి?

ముందు కుర్చీ మీద పెట్టండి, తర్వాత ఏదైనా. బల్ల ఎత్తు 28 నుంచి 30 అంగుళాలు ఉంటే చాలు, పాత చదువుకునే బల్ల సరిపోతుంది. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావు పుస్తకాలు పెట్టి తెర పై అంచు కంటి ఎత్తుకు తెచ్చి, కీబోర్డు, మౌస్ విడిగా కొనండి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోక తప్పకపోతే నడుము వెనక చుట్టిన తువ్వాలు పెట్టుకోండి. మంచం మీద పని వద్దు. మెడ పోతుంది, పరుపు గాలిని మూసేసి ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది. కిటికీ మీకు పక్కవైపు ఉండాలి. వెనక ఉంటే మీటింగులో మీ ముఖం నల్లగా కనిపిస్తుంది.

ఇంట్లో ఉన్నాననగానే అందరూ పనులు చెబుతున్నారు. అమ్మానాయనలకు ఎలా చెప్పాలి?

"ఇంటికాన్నే ఉన్నవ్ గదా, జర బ్యాంకుకు పోయిరా బిడ్డా" అనే మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంట్లో మనిషి కనిపిస్తున్నాడు, ల్యాప్‌టాప్ ముందు ఊరికే కూర్చున్నట్టున్నాడు. పని అంటే బయటికి పోయేదే అని వాళ్ల అనుభవం. ఉపన్యాసం ఇవ్వకుండా రెండు గుర్తులు పెట్టండి. తలుపు మూసి ఉంటే మీటింగులో ఉన్నట్టు, తెరిచి ఉంటే మాట్లాడొచ్చు. రోజుకు ఒక గంట, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి దాకా, ఇంటి పనులకు మీరే ఇవ్వండి. ఆ గంట నమ్మకంగా దొరుకుతుందని తెలిస్తే మిగతా గంటల్లో పిలుపులు తగ్గుతాయి.

కోడళ్ల పరిస్థితి వేరు. అత్తమ్మ ఇంట్లో ఉండి పని చేస్తున్న అమ్మాయికి పొద్దున వంట, మధ్యాహ్నం చుట్టాలు, సాయంత్రం పిల్లలు, మధ్యమధ్యలో ఉద్యోగం. ఆమెకు ఆఫీసు రోజులే విశ్రాంతి అవుతాయి. అలాంటప్పుడు కంపెనీ రెండు అడిగినా మూడు రోజులు పోవడం సరైన ఎంపికే. దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆమె జీతంలోంచి ఇంట్లో పనిమనిషిని పెట్టుకోవడం కూడా ఆఫీసు ఖర్చు కిందే లెక్కేయాలి.

ఇంట్లో కుదరదు, పట్నం దూరం. మన ఊళ్లోనే వేరే జాగ ఉందా?

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో, నల్లగొండలో ఐటీ టవర్లు 2023లో ప్రారంభమయ్యాయి. అక్కడి జాగ కంపెనీలకు ఇచ్చేది. ఎవరంటే వాళ్లు పోయి కూర్చునే చోటు కాదు. అందుకే ఒంటరిగా పోయి అడగకుండా, ఒకే కంపెనీలో మన జిల్లా వాళ్లు పది పదిహేను మంది ఉంటే పేర్లు రాసి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి. ఒక్కరి కోరికను పక్కన పెడతారు, పదిహేను మంది జాబితాకు జవాబు రాయాల్సి వస్తుంది.

జిల్లా గ్రంథాలయంలో ఫ్యాన్లు, నిశ్శబ్దం ఉంటాయి. గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలతో నిండి ఉంటుంది. చదివే పనికి సరే, మాట్లాడే పనికి పనికిరాదు, వాళ్ల చదువు పాడుచేయకూడదు. ప్రైవేటు స్టడీ హాళ్లూ అంతే.

ఏ చోటైనా డబ్బు కట్టే ముందు ఒక పూట పరీక్షించండి. పదకొండింటికి పోయి అరగంట మీటింగ్ చేయండి. మెయిన్ స్విచ్ ఆపితే జనరేటర్ ఎంతసేపటికి అందుకుంటుందో, బాత్రూం ఎలా ఉందో, మీ తెర వెనక నుంచి ఎవరికి కనిపిస్తుందో చూడండి. కంపెనీ కాగితాలను జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ తీయించవద్దు. వాట్సాప్‌లో పంపిన ఫైలు వాళ్ల కంప్యూటర్‌లో ఉండిపోతుంది.

కొత్త ఆఫర్ వచ్చింది. హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) అన్నారు. సంతకం చేసే ముందు ఏం అడగాలి?

నోటిమాట వద్దు, మెయిల్‌లో రాయించుకోండి. ఆఫర్ లెటర్‌లో బేస్ లొకేషన్ (మీ పని చోటుగా రాసే ఊరు) ఏది? ఆఫీసు రోజులు పెంచితే ఎన్ని రోజుల ముందు చెబుతారు? రోజులు కలిపి తీసుకోవచ్చా? హాజరు దేనితో చూస్తారు, గేటు దగ్గర స్వైప్‌తోనా, ఆఫీసు వైఫైకి కలిసిన గంటలతోనా? సెలవు పెట్టిన వారం, పండగ వచ్చిన వారం ఆఫీసు రోజుల లెక్క తగ్గుతుందా? దసరా వారంలో మూడు పనిదినాలే ఉంటే అప్పుడూ రెండు రోజులు రావాల్సిందేనా? చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. బతుకమ్మ వారంలో దాని విలువ తెలుస్తుంది.

"హైబ్రిడ్, మేనేజర్ నిర్ణయం మేరకు" అని రాసి ఉంటే, మేనేజర్ మారిన రోజు మీ ఏర్పాటూ మారుతుందని అర్థం. దాన్ని నమ్ముకొని పట్నంలో గది ఖాళీ చేయకండి. కనీసం ఆరు నెలలు చూసి తర్వాత సామాను కదిలించండి.

రాత్రి షిఫ్టు అయితే క్యాబ్ మన ఊరిదాకా వస్తుందా?

రాదు. కంపెనీ క్యాబులకు హద్దు ఉంటుంది, అది ఎక్కువగా పట్నం అంచులతోనే ఆగుతుంది. రాత్రి షిఫ్టు వారాలు పట్నం గదిలోనో, పూర్తిగా ఇంట్లోనో గడపండి. రాత్రి పని చేసి తెల్లవారుజామున బైకు మీద హైవే ఎక్కడం ఏ కారణానికైనా వద్దు. ఆ వేళ నిద్ర ముంచుకొస్తుంది, రోడ్డు పక్కన ఆగిన లారీ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు.

సొంత ఇంట్లో ఉంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి కిరాయి భత్యం) పన్ను మినహాయింపు వస్తుందా?

సొంత ఇంట్లో ఉంటే రాదు. కొత్త పన్ను విధానంలో ఉంటే కిరాయి కట్టినా రాదు. పాత విధానంలో ఉండి, ఇల్లు నాయన పేరు మీద ఉంటే, ఆయనకు నిజంగా కిరాయి కట్టి చూపొచ్చు. నెలనెలా బ్యాంకు ద్వారా పంపాలి, కిరాయి ఒప్పందం ఉండాలి, ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ ఇవ్వాలి, ఆయన దాన్ని తన ఆదాయంలో చూపాలి. కాగితాల మీద మాత్రమే నడిపితే నోటీసు వచ్చినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ ఇరుక్కుంటారు.

కంపెనీ ఆరోగ్య బీమా కార్డు మీ ఊళ్లో ఏ ఆసుపత్రిలో నగదు లేకుండా చెల్లుతుందో ఇప్పుడే చూసి పెట్టుకోండి. ఈఎస్‌ఐ ఉంటే డిస్పెన్సరీని మీ జిల్లాకు మార్పించుకోండి.

ఇప్పుడే డిగ్రీ అయి ఉద్యోగంలో చేరాను. మొదటి నుంచీ ఊళ్లో ఉండి చేయొచ్చా?

మొదటి ఆరు నెలలు వద్దు. మొదటి ఏడాది నేర్చుకునేది చెప్పిన పాఠాల్లో కన్నా పక్క కుర్చీలో సీనియర్ ఫోన్‌లో మాట్లాడుతుంటే వినడంలో, తెర మీద ఎర్రర్ చూసి ఆయన ముందు ఎక్కడ వెతుకుతాడో చూడటంలో ఉంటుంది. అది మీటింగ్ లింకులో దొరకదు. పట్నంలో గది తీసుకొని వారానికి నాలుగు రోజులు ఆఫీసులో కూర్చోండి, శుక్రవారం ఊరి నుంచి పని చేసేటట్టు మేనేజరును అడిగి గురువారం రాత్రి బస్సెక్కండి. ఆరు నెలల తర్వాత, ఎవరినీ అడగకుండా ఒక పనిని మొదటి నుంచి చివరి దాకా చేయగలిగిన రోజున, రోజులు తగ్గించమని అడగండి.